తొంభై మీటర్ల ఓడ

వంతెన మీది గాజుగదిలో కూర్చుని ఓడలకు దారి ఇచ్చే ఉద్యోగం ఆయనది. ఫలానా ఓడ బయల్దేరిందని రేవు ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ఆయన గంట మోగించి, రోడ్డుకు అడ్డంగా గేట్లు దించి, మీట నొక్కుతాడు. రోడ్డు రెండుగా చీలి పైకి లేస్తుంది. ఓడ మధ్యలోంచి వెళ్ళిపోతుంది. గేట్ల దగ్గర ఆగిపోయిన బస్సులవాళ్ళు తిట్టుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆ తిట్లే తగిలేవయితే మనిషి ఎప్పుడో బూడిదై ఉండేవాడు.

పెళ్ళి కాలేదు. అక్క చూడని సంబంధం లేదు, ఈయన చెడగొట్టని సంబంధమూ లేదు. ఒకచోట పిల్ల తండ్రి మర్యాదకు, "మా ఇల్లు కాస్త ఇరుకు, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఈయన చుట్టూ చూసి, "కాస్త కాదండీ, బాగా ఇరుకు" అన్నాడు. అంతటితో ఆ ముచ్చట సరి. కావాలని అనే రకం కాదు. నోట్లోకి ఉన్నమాట తప్ప ఇంకోటి రాదు, అంతే. ఇలాంటివాళ్ళను లోకం మెచ్చుకుంటుంది గాని పక్కన కూర్చోబెట్టుకోదు.

పక్కన కూర్చోబెట్టుకున్నది ఒక్క బావే. రేవు కాలవలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జనాన్ని దాటించే లాంచీని నడిపే సరంగు ఆయన. అక్కాబావా కింది వాటాలో ఉండేవారు, ఈయన పైగదిలో. కింద అక్క ఆసుపత్రి దుప్పట్లకు అంచులు కుట్టేది. ఆ మిషను చప్పుడు ఆగిందంటే అన్నానికి దిగమని అర్థం. బావకు గొంతు పెద్ద, నవ్వు పెద్ద. బావమరిదికి "కమాండరు" అని పేరు పెట్టింది ఆయనే. దాని వెనక ఒక ఆట ఉంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి అన్నం తిన్నాక కమాండరు పైగదిలో పాత కంప్యూటరు ముందు కూర్చునేవాడు. జలాంతర్గామి ఆట. నీళ్ళలో మునిగి, పెరిస్కోపు పైకెత్తి, దూరంగా పోయే ఓడల మీదికి టార్పెడోలు వదలాలి. గురి చూసే పని ఆటకే అప్పగించవచ్చు. మనం మీట నొక్కి చప్పట్లు కొట్టుకుంటే చాలు. ఒకరు నమిలిపెట్టిన అన్నం నాకెందుకని ఈయన ఆ సదుపాయం ఆపేశాడు. అంతా తనే లెక్క కట్టుకునేవాడు.

లెక్క వినడానికి తేలికే. కదిలే బస్సు ఎక్కాలనుకున్నవాడు అది ఉన్న చోటికి పరిగెత్తడు, ఉండబోయే చోటికి పరిగెత్తుతాడు. టార్పెడో కూడా అంతే. అందుకని ఓడ వేగం తెలియాలి. పెరిస్కోపు గాజు మీద నిలువుగా ఒక గీత ఉంటుంది. ఓడ ముక్కు గీతను తాకగానే గడియారం నొక్కాలి, తోక దాటగానే ఆపాలి. ఓడ పొడవును ఆ సెకన్లతో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే, కాస్త అటూ ఇటూగా, గంటకు ఎన్ని సముద్రపు మైళ్ళో వచ్చేస్తుంది. పొడవు తెలుసుకోవడానికి ఆటలోనే ఒక బొమ్మల పుస్తకం ఉంటుంది. పొగగొట్టం చూసి, స్తంభాలు చూసి, ఇది ఫలానా ఓడ అని పోల్చుకోవాలి.

ఒక ఆదివారం బావ వెనక నిలబడి చూస్తున్నాడు. కమాండరు పుస్తకం తిరగేసి, ఓడను పోల్చుకుని, వేగం కట్టి, టార్పెడో వదిలాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. టార్పెడో ఓడ తోక వెనక నుంచి చల్లగా వెళ్ళిపోయింది.

"తోకకి దండం పెట్టి పోయిందిరా!" అని బావ పగలబడి నవ్వాడు.

కమాండరు మళ్ళీ పుస్తకం తీశాడు. పక్కపేజీలో అచ్చం అలాంటి ఓడే ఇంకొకటి ఉంది. అదే పొగగొట్టం, అవే స్తంభాలు, పొడవు మాత్రం ఎక్కువ. పొట్టిదనుకుని లెక్క కట్టాడు కాబట్టి వేగం తక్కువ వచ్చింది, టార్పెడో వెనకబడింది.

"మొహం చూసి చొక్కా కుట్టేస్తే ఎలారా? నడుం కొలవొద్దూ?" అన్నాడు బావ. ఆ మాట నెలరోజులు ఇంట్లో తిరిగింది. సాయంత్రం లాంచీ కట్టేసి రాగానే మెట్ల కిందినుంచి కేకేసేవాడు, "ఏం కమాండరూ, ఇవాళ ఎన్ని ముంచావు?" అని.

ఆట ఆటతో ఆగితే ఈ కథ లేదు. గాజుగది కిటికీకి ఆయన ఒక ఎర్రదారం నిలువుగా అంటించాడు. కుర్చీలో వీపు ఆనించి కూర్చుంటే ఆ దారం, అవతలి గట్టు మీది దీపం స్తంభం ఒకే గీతలో ఉంటాయి. వచ్చే ప్రతి ఓడ వేగం కట్టి పుస్తకంలో రాసుకునేవాడు. పుస్తకంలో ఓడకో పేజీ. తన చేత్తో గీసిన బొమ్మ, కింద పొడవు. పొడవులన్నీ రేవు ఆఫీసు రిజిస్టరు చూసి ఎక్కించుకున్నవే, ఆరేళ్ళ కిందట ఒకేసారి. కాలవలో గంటకు ఆరు మైళ్ళకు మించకూడదని నియమం. ఒక ఓడ మించిందని ఓసారి ఆఫీసుకు ఫోను చేస్తే, "వంతెన ఎత్తమన్నాం గాని వేగం చూడమన్నామా?" అన్నారు. ఫోను చేయడం మానేశాడు, రాసుకోవడం మానలేదు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. ఎనిమిదింటికి సిమెంటు ఓడ వస్తోందని ఫోను. ఏడాదిగా ఈ దారిన రాని ఓడ అది. నల్ల పొగగొట్టం, దాని మీద రెండు పసుపు పట్టీలు ముసురులోంచి బయటపడగానే పాత చుట్టాన్ని చూసినంత సంతోషపడ్డాడు కమాండరు. నడుమంతా బూడిద మసకే. ముక్కు దారాన్ని తాకింది, తోక దారాన్ని దాటింది. ముప్ఫై సెకన్లు. పుస్తకంలో పొడవు తొంభై మీటర్లు. ముప్ఫైతో భాగిస్తే మూడు, రెట్టింపు చేస్తే ఆరు. ఆరని రాసుకుని పెన్ను మూత పెడుతుండగా కాలవ దిగువనుంచి పెద్ద చప్పుడు వినబడింది.

కిటికీలోంచి చూస్తే బావ లాంచీ బోర్లా పడి ఉంది. తెల్లటి అడుగుభాగం పైకి తేలింది. దాని చుట్టూ గొడుగులు. ముందు గొడుగులే కనిపించాయాయనకు, తర్వాత మనుషులు. వాళ్ళలో పదకొండు మంది పోయారు. సరంగు నలుగురిని గట్టుకు లాక్కొచ్చి, అయిదోసారి వెళ్ళబోతూ స్పృహ తప్పాడు.

ఆసుపత్రి మంచం మీద బావ చెప్పిన మొదటి మాట ఇది. "అది మీదికొచ్చేసిందిరా. వంతెన దగ్గర దాన్ని చూశాకే నేను గట్టు వదిలాను. రోజూ చూసే ఓడలే కదా, ఏది ఎంతలో వస్తుందో నాకు తెలీదా? ఆరు మీద వచ్చుంటే తీరిగ్గా దాటేవాణ్ణి. అది ఆరు కాదు. నువ్వు రాసుకునే ఉంటావుగా?"

"రాశాను బావా."

"ఎంత?"

కమాండరు మంచం పట్టె వైపు చూశాడు. "ఆరు" అన్నాడు. పక్కన అక్క చేతిలోని గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఓడకు లాంచీ దారి ఇవ్వాలి, అది కాలవ నియమం. ఓడ వేగం మీరి ఉంటే తప్పు ఓడది, మీరకపోతే సరంగుది. ఓడ కెప్టెను ఆరే అన్నాడు. వేగం నమోదు చేసే యంత్రం మరమ్మతులో ఉందట. వంతెన కెమెరాలో ముసురు తప్ప ఇంకేమీ పడలేదు. ఇక మిగిలింది ఎర్రదారం. వంతెన మనిషి వేగాలు రాసుకుంటాడని రేవంతా తెలుసు. విచారణకు పుస్తకంతో సహా రమ్మన్నారు.

ముందురోజు సాయంత్రం అక్క పైగదికి వచ్చింది. ఆ మెట్లు ఎక్కడం ఆవిడకు కష్టం, మోకాళ్ళ నొప్పులు. "నిన్ను అబద్ధం ఆడమనట్లేదురా. ముసురులో సరిగ్గా కనబడలేదని చెప్పు చాలు. అందులో అబద్ధమేముంది? ముసురేగా?"

"ముక్కు కనబడిందక్కా. తోక కనబడింది. వాటితోనే లెక్క."

"మీ బావ జైలుకి పోతాడురా."

"తెలుసు."

"తెలిసీ చెప్తావా?"

ఆయన అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు. నలిగినా అందులోంచి వేరే మాట రాలేదు. నాకు ఆ మనిషి మీద జాలీ ఉంది, కోపమూ ఉంది. నిజం చెప్పడం గొప్పే. కాని తన లెక్క మీద ఆయనకు ఉన్నది నమ్మకం కాదు, భక్తి. భక్తి ఉన్నచోట ఎవరూ సరిచూసుకోరు.

విచారణ గదిలో సరంగు తరఫు వకీలు గడియారాన్ని పట్టుకున్నాడు. అది సరిగ్గా నడుస్తోందా, చెయ్యి వణకదా అని గుచ్చి గుచ్చి అడిగాడు. గోడ గడియారం ఎదురుగా అరగంట పరీక్ష పెట్టాడు. పావు సెకను తేడా రాలేదు. దారం వంకరగా ఉందేమో అన్నాడు. దారం నిటారుగా ఉందని ఫొటో చూపించారు. ఓడ కంపెనీ వకీలు లేచి, "ఇలాంటి నిజాయితీపరుణ్ణి నా సర్వీసులో చూడలేదు" అని ఒక్క మాట అని కూర్చున్నాడు. ఓడ పొడవు ఎంతని ఎవరూ అడగలేదు.

మూడేళ్ళ శిక్ష, లైసెన్సు రద్దు. తీసుకెళ్తుంటే వరండాలో బావ ఆగాడు. "నీ లెక్క అంతేనా?" అన్నాడు. కోపంగా కాదు, లాంచీ రిపేరు గురించి అడిగినట్టు.

"అంతే బావా."

"అయితే నేనే పొరబడ్డానన్నమాట" అని తల ఊపుతూ వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి ఇంట్లో లోపలి మెట్ల తలుపుకు గడియ పడింది. రాత్రీ పగలూ మిషను నడిచేది. అక్క అన్నం కంచం మూతపెట్టి మెట్టు మీద ఉంచేది, తలుపు వేసుకునేది. తమ్ముణ్ణి ఆకలితో మాడ్చలేదు, అలాగని పిలిచి పెట్టలేదు. ఆయన కంప్యూటరు మీద దుప్పటి కప్పేశాడు. ఎన్ని ముంచావని అడిగేవాడు లేడు, అడిగితే చెప్పే మొహమూ లేదు. ఎనిమిది నెలల్లో అక్క ఆయనతో మాట్లాడింది ఒక్కసారి, అదీ తలుపు అవతలినుంచి.

"పదకొండు ఇళ్ళకీ ఉత్తరాలు రాశాడట మీ బావ. తప్పంతా నాదే, క్షమించండి అని. ముందు తన తప్పని నమ్మలేదట. నీ లెక్క ఎప్పుడూ తప్పదు కదా అని, ఆలోచించి ఆలోచించి నమ్మాడట. తృప్తేనా?"

ఆయన కంచం ఎత్తకుండా పైకి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున బాగా ఎండ కాస్తోంది. సిమెంటు ఓడ వస్తోందని ఫోను. ఆ దుర్ఘటన తర్వాత అది ఆయన డ్యూటీలో రావడం మళ్ళీ అదే. చూడకూడదనుకున్నాడు. చూశాడు. వంతెన మధ్యకి వచ్చేసరికి సరుకు అరల మూతలు పైనుంచి వరసగా కనబడతాయి. ఒకటి, రెండు, మూడు. మూడయ్యాక ఓడ నడిపేవాళ్ళ గది ఉండాలి. నాలుగో మూత ఉంది. పుస్తకం తీశాడు. తను గీసిన బొమ్మలో మూడే. మళ్ళీ కిటికీలోంచి చూశాడు. ఓడ నడుము దగ్గర కొంతమేర రంగు కొత్తగా ఉంది, ఇటూ అటూ పాతగా ఉంది.

రేవు ఆఫీసు రిజిస్టరు గుమాస్తాకు ఫోను చేశాడు.

"ఆ సిమెంటు ఓడా? దాన్ని కిందటేడు మధ్యకి కోసి ముక్క అతికించారుగా. ఇప్పుడు నూట ఇరవై మీటర్లు" అన్నాడు గుమాస్తా.

"రిజిస్టరులో ఎప్పుడు మార్చారు?"

"అది తిరిగొచ్చిన వారమే. మీకు తెలీదా?"

నూట ఇరవైని ముప్ఫైతో భాగిస్తే నాలుగు, రెట్టింపు చేస్తే ఎనిమిది. కాగితం కూడా అక్కర్లేని లెక్క. అది ఆరు కాదని ఒళ్ళంతా గాయాలతో పడుకుని బావ చెప్పాడు. ఈ కాలవలో పాతికేళ్ళు చూసిన కళ్ళు చెప్పాయి. కమాండరు వాటిని కాదని దారాన్ని నమ్మాడు. నడుం కొలవొద్దూ అని బావ నవ్విన నవ్వు ఆ గాజుగదిలో వినబడి, నోరు మూసుకుని ఏడ్చాడు. కింద బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఓడ వెళ్ళి చాలాసేపయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన వంతెన దించడం మరిచిపోయాడు.

ఇంటికి వెళ్ళి మెట్ల తలుపు కొట్టాడు. అక్క తీయలేదు. తలుపుతోనే చెప్పాడు అంతా, మూతలు, రంగు, గుమాస్తా మాట. చాలాసేపటికి గడియ చప్పుడయింది.

"అయితే లెక్క తప్పా?" అంది అక్క.

"లెక్క తప్పలేదక్కా. పొడవు తప్పు. నేను చూసుకోలేదు."

ఆవిడ మెట్టు మీద కూలబడింది. కొట్టడానికి చెయ్యెత్తింది గాని ఆ చేతిని తన తలకే వేసుకుంది. "ముందు ఆయన్ని బయటికి తీసుకురా. నీ సంగతి తర్వాత" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎంత కష్టమో ఆయనకు విచారణ ఆఫీసులో తెలిసింది. అక్కడి అధికారి ఓపికగానే విన్నాడు. "కేసు మళ్ళీ తెరవాలంటే సరంగే దరఖాస్తు పెట్టుకోవాలి. పైగా తప్పు తనదేనని పదకొండు ఉత్తరాలు రాశాడు, అవి ఫైలులోకి వచ్చాయి. వాటిని వెనక్కి తీసుకుంటున్నానని కూడా ఆయనే సంతకం పెట్టాలి. మీ మాట ఒక్కటీ చాలదు" అన్నాడు.

జైలులో ములాఖాతు గది పొడుగ్గా, సున్నం వాసనతో ఉంది. మధ్యలో ఇనప వల. బావ సగమయ్యాడు. గొంతు కూడా సగమయింది. కాని బావమరిదిని చూడగానే మొహం విప్పారింది.

"కమాండరూ! ఇన్నాళ్ళకి తీరిందిరా? మొహం చెల్లక రాలేదా? పిచ్చివాడా, నీ మీద నాకు కోపమేంటి? ఉన్నదున్నట్టు చెప్పావు. నా తోడబుట్టినవాడైనా అంత ధైర్యం చేసేవాడు కాదు."

కమాండరు గబగబా చెప్పేశాడు. ఓడను కోశారు, అతికించారు, నూట ఇరవై, ఎనిమిది మైళ్ళు, తప్పు నీది కాదు బావా. బావ అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నవ్వాడు.

"మీ అక్క ఏడ్చి పంపిందా? పుట్టాక ఒక్క అబద్ధం ఆడలేదు నువ్వు. కోర్టులో నా కోసం ఆడలేకపోయావు. ఇప్పుడు నేర్చుకున్నావా? ఓడని కోసి అతికించారా! బాగా అల్లావురా."

"అబద్ధం కాదు బావా."

"సరేలే. నాకిది చాలు. నా కోసం నువ్వు అబద్ధం ఆడావు చూడు, ఇది చాలు." వలకు అరచెయ్యి ఆనించాడు. కమాండరు కూడా ఆనించాడు. "ఆ పదకొండు మందిలో ముగ్గురి ఇళ్ళవాళ్ళు క్షమించామని జవాబు రాశారురా. రాత్రిళ్ళు కాస్త నిద్ర పడుతోంది. దీన్ని ఇక కదపకు."

రిజిస్టరు నకలు, దరఖాస్తు కాగితం ములాఖాతులో ఇవ్వకూడదు. జైలు ఆఫీసులో ఇస్తే వాళ్ళు లోపలికి పంపుతారు. ఆ ఆఫీసు బల్ల ముందు కమాండరు కాగితాలు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇవ్వకపోతే బావ ప్రేమ ఉంటుంది. జైల్లోనే అయినా, తప్పు చేశానన్న నమ్మకంతోనే అయినా, ఉంటుంది. ఇస్తే బావ బయటికి రావచ్చు, కాని తనను జైల్లో పెట్టింది ఎవరో ఆ నకలు బావకు చెప్పేస్తుంది. అంత స్వార్థం తనలో ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఆ ఆలోచనకే సిగ్గుపడి కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

తొమ్మిది రోజులకు కవరు వచ్చింది. అక్క మెట్ల మీదే చింపింది. దరఖాస్తు మీద సంతకం ఉంది, ఉత్తరాలు వెనక్కి తీసుకునే కాగితం మీదా ఉంది. అక్క వాటిని గుండెకు అదుముకుంది. మడతలోంచి ఇంకో చిన్న కాగితం జారింది. అది కమాండరుకు రాసింది. ఆవిడ చదివి తమ్ముడి చేతికిచ్చింది.

"పొడవు చూశాను. నువ్వు చెప్పింది నిజమే. ఆ రోజు నేను చెప్పిందీ నిజమే. ఎనిమిది నెలలు వాళ్ళని నేనే చంపానని పడుకున్నాను, నేనే చంపానని లేచాను. నీ మాట మీద. సంతకాలు పెట్టాను. బయటికొస్తే మీ అక్క దగ్గరికి వస్తాను. అప్పటికి పైగది ఖాళీ చెయ్యి. ఇక్కడికి మళ్ళీ రావద్దు."

"కమాండరూ" అని లేదు పైన. ఏ పిలుపూ లేదు.

మర్నాడు ఆయన సెలవు పెట్టి, కాగితాలు తీసుకుని విచారణ ఆఫీసుకు వెళ్ళాడు. అధికారి సంతకాలు సరిచూసుకుని, కొత్త ఫారం ముందుకు లాక్కుని, పెన్ను తెరిచాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఓడ పొడవు ఎంత?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న ఒక మనిషి నోటినుంచి రావడం అదే మొదలు. కమాండరు "నూట ఇరవై మీటర్లండీ" అన్నాడు.